నాలుక గీసుకోని ఆదివారం

ఆరెంజ్ అనే ఊళ్ళో నారింజలు పండవు. ఆపిల్స్, చెర్రీలు, ద్రాక్ష పండుతాయి. పూర్వం ఎవరో రాజకుమారుడి బిరుదు తెచ్చి ఊరికి పెట్టారట. ఈ సంగతి రైల్లో తెలిసినప్పుడు ఎస్తేరు ఆంటీ గుండెల మీద చెయ్యేసుకుంది. కిడ్నీ జబ్బున్నవాళ్ళు నారింజ తినకూడదు. అరటిపండు, టమాటా, కొబ్బరినీళ్ళు కూడా కూడదు.

"వైద్యానికి పోతా పోతా, తినకూడని పండు పేరున్న ఊరికే పోతన్నామేంటా అని దిగులుగా ఉందమ్మాయ్. ఇప్పుడు నిమ్మళించింది," అంది.

నేను సిడ్నీలో చదువుకునే రోజుల్లో, ఏప్రిల్ సెలవుల్లో, ఆవిడతో కలిసి చేసిన ప్రయాణం ఇది. చూడదగ్గ ప్రదేశాల పట్టిక కోసం ఇది చదివేవాళ్ళకు నేను పెద్దగా ఉపయోగపడను. నేను పుట్టు నిద్రమొద్దుని. ఏ బండి ఎక్కినా కునుకు పడుతుంది. సగం కళ్ళతో చూసినదాన్నే ఇక్కడ రాస్తున్నాను.

టూంగాబీ

సిడ్నీ శివార్లలో టూంగాబీ స్టేషన్‌కి కాస్త దూరంలో ఆంటీ వాళ్ళ ఇల్లు. వెనకగది నాకు అద్దెకిచ్చారు. అద్దె మాటవరసకే. ఆంటీ వండిందంతా నేను తినేదాన్ని, నేను వండింది ఎవరూ తినేవారు కాదు. ఆవిడది బాపట్ల. ఇక్కడ వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళను చూసుకునే ఉద్యోగం. పొద్దున్నే స్నానాల గదిలోంచి ఆవిడ నాలుక గీసుకునే చప్పుడు, తర్వాత గొంతెత్తి పాడే కీర్తన, ఆ రెండూ నాకు అలారం.

కొన్నేళ్ళుగా ఆవిడ కిడ్నీలు నెమ్మదిగా మొరాయిస్తున్నాయి. పోయినసారి ఆస్పత్రిలో స్పెషలిస్టు ఇక సిద్ధంగా ఉండాలన్నారు. సిద్ధంగా ఉండటమంటే చేతిలో రెండు నరాలు కలిపి కుట్టే చిన్న ఆపరేషన్. అక్కడ నరం ఉబ్బి గట్టిపడితే, డయాలసిస్ అవసరమైనప్పుడు సూదులు గుచ్చడానికి దారి తయారుగా ఉంటుంది. దాన్ని ఫిస్టులా అంటారు. ఏ చేతికి చెయ్యాలో చూడటానికి మంగళవారం రమ్మన్నారు. ఆంటీ అప్పటికే ఒకసారి వాయిదా వేయించుకుంది.

అదే సమయంలో చర్చిలో ఎవరో చెప్పారు, ఆరెంజ్‌లో ఒక చైనా వైద్యురాలు ఉన్నారని, మూలికలతో, సూదులతో, పొగతో కిడ్నీ జబ్బుని నెమ్మదింపజేస్తారని. ఆంటీ అక్కడికక్కడే ఒక నిర్ణయానికి వచ్చేసింది.

"ఆవిడ ఆపుతానంటే మంగళారం హాస్పిటల్‌కి ఎళ్ళేదే లేదు. నా చెయ్యి ఎవరితోటీ కోయించుకోను. ఆపలేనంటే అప్పుడు ఎళ్తా."

అంకుల్ బస్సు డ్రైవరు. వారాంతం డ్యూటీ. "ఆకులూ అలమలూ తాగి ఉన్నయ్యి కూడా పోగొట్టుకుంటావ్," అని గొణిగారు గానీ, రైలు టికెట్లు ఆయనే కొన్నారు. వాళ్ళబ్బాయి ఫోన్లోంచి తలెత్తకుండా, "మమ్, జస్ట్ గో ఆన్ ట్యూస్‌డే," అన్నాడు. తోడు వెళ్ళడానికి మిగిలింది నేను.

నాది ఉద్దానం. కొబ్బరితోటలు, జీడితోటలు, వాటిమధ్య ఎందుకు వస్తోందో ఎవరూ తేల్చలేని కిడ్నీ జబ్బు. మా వీధిలో క్రియాటినిన్ అనే మాటని చదువురాని ముసలమ్మలు కూడా తప్పులేకుండా పలుకుతారు. మా పెదనాన్న సూదులకు భయపడి ఆలస్యం చేసి, చివరికి హడావిడిగా మెడలో గొట్టం వేయించుకున్నాడు. ఆంటీని అలా చూడాల్సొస్తుందేమోనని నాకు భయంగా ఉండేది. ఆ భయం ఆవిడకు చెప్పలేదు. సంచి సర్దుకున్నాను.

కొండలెక్కే రైలు

పారమట్టాలో దూరప్రయాణాల బండి ఎక్కాం. పెన్రిత్ దాటాక రైలు కొండ ఎక్కుతున్నట్టు చెవులకు తెలుస్తుంది. యూకలిప్టస్ అడవి మీద నీలంగా ఆవిరిలాంటిది పరుచుకుని ఉంటుంది. నేను కళ్ళు మూస్తే మా ఊరి సరుగుడు తోట, తెరిస్తే ఈ నీలం. కొంతసేపటికి ఏది కిటికీలో ఉందో, ఏది రెప్పల వెనక ఉందో తెలియకుండా పోయింది. సొరంగాల్లో అద్దంలో ఆంటీ ముఖం కనబడేది. బయటికి రాగానే ఆ ముఖం ఉన్న చోట గొర్రెలు మేస్తుండేవి.

ఎదురు సీట్లో ఒక పెద్దావిడ ఉన్నితో చిన్న టోపీ అల్లుతోంది. మన రైళ్ళలో అయితే తర్వాతి స్టేషన్ వచ్చేలోపు మా ఊరు, జీతాలు, నాకు పెళ్ళయిందో లేదో అన్నీ తెలుసుకునేవారు. ఈవిడ లిత్‌గో దాకా వాతావరణం గురించే మాట్లాడింది. తర్వాత సంచిలోంచి అరటిపండు తీసి ఆంటీకి ఇచ్చింది. జబ్బు సంగతి చెప్పడం ఇష్టంలేక ఆంటీ, "థాంక్యూ డార్లింగ్, ఐ యామ్ ఫాస్టింగ్," అంది.

బాథర్స్ట్ రాకముందే ఆకలేసి డబ్బా విప్పింది. ఉప్పు లేని పెరుగన్నం. దాని పక్కన చిన్న సీసాలో ఆవకాయ. ఆంటీ సీసా మూత తీసి, గట్టిగా వాసన పీల్చి, మళ్ళీ బిగించి, ఒక ముద్ద తినేది. ముద్దముద్దకీ అదే తంతు. పెద్దావిడ అల్లిక ఆపి చూస్తోంది.

"ఉపవాసం అన్నారుగా," అన్నాను మెల్లగా.

"పచ్చడికి ఉపవాసమే. అబద్ధమేముంది?" అంది ఆంటీ.

ఎర్రటి ఆకుల ఊరు

శుక్రవారం మధ్యాహ్నం దిగేసరికి ఊరంతా ఆకులు రాలుతున్నాయి. ఇక్కడ ఏప్రిల్ అంటే ఆకురాలే కాలం. మన దగ్గర ఆకు పండితే పసుపు, ఎండితే గోధుమ, అంతే. ఇక్కడ ఒకే చెట్టు మీద కుంకుమ, గంధం, ఇటుకరంగు. గాలి లేకపోయినా ఒక్కో ఆకూ తీరిగ్గా, దారి వెతుక్కుంటున్నట్టు దిగుతోంది. ఆంటీ వంగి ఏరి ఏరి బైబిల్లో పెట్టుకుంది. నేను బెంచీ మీద కూర్చుని నిద్రపోయాను. లేచేసరికి ఒళ్ళో ఆకులున్నాయి.

మోటెల్ యజమాని గ్లెన్ అనే పొడుగాటి ముసలాయన. ప్రతి మాటా సగంలో ఆపేస్తాడు. ఆఫ్టర్‌నూన్ కూడా ఆయన నోట్లో ఆర్వో. "రేపు ఆర్వో చలి పెరుగుతుంది," అంటూ అడక్కుండానే ఇంకో దుప్పటి తెచ్చి ఇచ్చాడు.

సాయంత్రం చేపలు, చిప్స్ అమ్మే కొట్టుకి వెళ్ళాం. ఆంటీ ఉప్పు వద్దంది. కౌంటర్లో అమ్మాయి నమ్మలేదు. "చికెన్ సాల్ట్ కూడా వద్దా?" అంది. ఇక్కడివాళ్ళకు ఆ పసుపురంగు ఉప్పు లేకపోతే బంగాళాదుంపకి జన్మే లేదు. దుంపలు కూడా ఆంటీకి పడవు కాబట్టి చిప్స్ నాకు, చేప ఆవిడకు. ఖరీదు విని, "ఈ డబ్బుకి మా చీరాల్లో పడవెడు చేపలొస్తయి," అంది. చేప మాత్రం ముల్లు మిగలకుండా తింది.

సొరుగుల గది

శనివారం పొద్దున వైద్యురాలి దగ్గరికి. పక్కవీధిలో పాత ఇటుక భవనం, తలుపు మీద చిన్న బోర్డు: మంగళ, గురు, శనివారాలు మాత్రమే. లోపల అడుగుపెట్టగానే మా సోంపేట ఆయుర్వేదం కొట్టు వాసన వచ్చింది. ఎండిన వేర్లు, చెక్కలు, ఏదో తియ్యటి మట్టి. గోడ పొడుగునా చెక్క సొరుగులు. అక్కడి కుర్చీలో ఎవరైనా పది జన్మలు నిద్రపోవచ్చు.

వైద్యురాలి పేరు మిసెస్ లియాంగ్. నెరిసిన పొట్టి జుట్టు, మణికట్ల దాకా దిగిన ఉన్ని స్వెట్టరు. చిన్నప్పుడే మలేసియా నుంచి వచ్చారట. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషులోనే. నాకు మాత్రం అంతా తెలుగులోనే గుర్తుంది.

ఆంటీ రక్తపరీక్షల కాగితాలన్నీ ముందు చదివారు. తర్వాత చిన్న దిండు మీద ఆంటీ కుడిచెయ్యి పెట్టించి, మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకున్నారు. ఆ తర్వాత ఎడమచెయ్యి. ఎంతసేపు విన్నారో నాకు తెలీదు. నేనూ కళ్ళు మూశాను కదా.

"నాలుక చూపించండి," అన్న మాటకి మెలకువొచ్చింది.

ఆంటీ గర్వంగా చాపింది. డాక్టరు దగ్గరికని ఆ రోజు ప్రత్యేకంగా, మామూలుకంటే గట్టిగా గీసుకుంది. నాలుక గులాబీరేకులా మెరుస్తోంది. మిసెస్ లియాంగ్ దీపం దగ్గరికి జరిపారు. కళ్ళద్దాలు మార్చుకున్నారు. "దీన్ని ఏం చేశారు?" అన్నారు చివరికి.

ఆంటీ హ్యాండ్‌బ్యాగులోంచి స్టీలు టంగ్ క్లీనరు తీసి, రెండు చేతులతో పట్టుకుని ఎలా గీసుకుంటామో చూపించింది. మిసెస్ లియాంగ్ ముందు తెల్లబోయి, తర్వాత కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు.

"ప్రతిరోజూనా?"

"పాచినోటితో కాఫీ కూడా తాగం," అంది ఆంటీ, కాస్త నొచ్చుకుని.

"నాలుక మీద ఆ పూత రంగు, మందం చూసే నేను లోపలి సంగతి తెలుసుకోవాలి. మీరు బోర్డు తుడిచేసి చదవమంటున్నారు. రేపు రండి. పళ్ళు తోముకోండి, నాలుక జోలికి వెళ్ళకండి. కాఫీ, పసుపు వద్దు. ఆదివారం తియ్యను గానీ మీ కోసం తీస్తాను."

ఆ పూటకి ఊరికే పంపలేదు. ఆంటీ మోకాళ్ళ నొప్పి కనిపెట్టి, దానికి ఏం వాడుతున్నారని అడిగారు. ఆంటీ బ్యాగులోంచి పేరులేని నల్లటి గోళీల పొట్లం తీసింది. చర్చిలోనే ఎవరో ఇచ్చారట. మిసెస్ లియాంగ్ ఒకటి చిదిపి వాసన చూసి, పొట్లం మొత్తం చెత్తబుట్టలో పడేశారు. నవ్వు పోయింది.

"అవి ఆకులేగా! మీ మందులేగా!" అంది ఆంటీ.

"గన్నేరు కూడా ఆకే. ఇందులో ఏముందో నాకు తెలీదు. కొన్ని మూలికలు కిడ్నీని తినేస్తాయి. నా దగ్గర మొదటి వైద్యం ఇదే, తెలియనివన్నీ ఆపడం."

తర్వాత మోకాలి కింద సన్నటి సూదులు గుచ్చి, ఎండుటాకు చుట్టిన కడ్డీ వెలిగించి, చర్మానికి తగలకుండా సెగ చూపించారు. ఆ పొగ నాకు తెలుసు. వినాయకచవితి పత్రిలో వచ్చే మాచిపత్రి వాసన. ఆవిడను అడిగితే ఆ జాతి ఆకేనన్నారు. మా అమ్మ పీట మీద సర్దిన పత్రి, పాలవెల్లి, ఈ పరాయి ఊరి గది, అన్నీ ఆ పొగలో ఒకచోటికి వచ్చాయి. ఆంటీ కూడా నిద్రపోయింది. ఆవిడ పగలు నిద్రపోవడం నేను మొదటిసారి చూశాను.

అనుకోకుండా దొరికిన మధ్యాహ్నం

ఆ సాయంత్రం రైలుకి వెళ్ళాల్సింది. గ్లెన్‌కి ఇంకో రోజు ఉంటామని చెబితే కారణం అడిగాడు. చెప్పాను. చాలాసేపు ఆలోచించి, "మా ఆవిడ కూడా బాగా తోమేది..." అని వాక్యం సగంలోనే వదిలేశాడు.

ఏ పనీ లేని మధ్యాహ్నం. ఊరి చివరి దాకా నడిచాం. రోడ్డు పక్కన బల్ల మీద ఆపిల్ సంచులు, పక్కన డబ్బులు వెయ్యడానికి డబ్బా. మనిషి లేడు. సంచి అయిదు డాలర్లు. ఆంటీ నోటు వేసి, ఎవరైనా చూశారా అని చుట్టూ చూసింది, తను దొంగతనం చెయ్యలేదని సాక్ష్యానికి.

ఆపిల్ తినొచ్చు. ఆ ఊరు ఆంటీకి నచ్చడానికి అది చాలు. గట్టు మీద కూర్చుని కొరుక్కుంటూ ఉన్నట్టుండి అంది:

"సుధా, మా హోమ్‌లో ఒక తాతగారికి చేతికి ఫిస్టులా ఉంది. రోజూ నేనే చెయ్యి పెట్టి చూస్తా, లోపల గుయ్యిమని పలుకుతాందా లేదా అని. పలికితే పనిచేస్తాన్నట్టు. ఆయన చెయ్యి పట్టుకోటానికి నాకు భయం లేదు. నా చేతికి అదొస్తదంటేనే..." కొరికిన ఆపిల్ వైపు చూసింది. "పొద్దున్నే లేచి నా చెయ్యి నేను చూసుకోవాలి కదే. రోజూ."

మా పెదనాన్న సంగతి చెప్పాను, మెడలో గొట్టం దాకా. కొండ వెనక పొద్దు వాలింది. ఆంటీ చేతిలో ఆపిల్ గింజల దాకా తినేసింది.

ఆదివారం

పొద్దున్నే ఊరు మంచులో మునిగిపోయింది. వీధి అవతలి చెట్లు లేవు, వాటి ఎరుపు మాత్రం ఉంది. ఆంటీ స్నానాల గదిలో చాలాసేపు నిశ్శబ్దంగా ఉంది. గీసుకునే చప్పుడు లేదు, కీర్తనా లేదు.

"పాడలేదేం?"

నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. "ఆదివారం పూట పాచినాలికతో దేవుడి పేరెట్టా ఎత్తేది? మనసులో పాడుకున్నా." దారి పొడుగునా చున్నీ తియ్యలేదు. ఎదురైనవాళ్ళు గుడ్ మార్నింగ్ అంటే తల ఊపింది.

మిసెస్ లియాంగ్ ముందు మాత్రం నోరు తెరిచింది. సిగ్గుతో కళ్ళు గట్టిగా మూసుకుని చాపింది. ఆవిడ చాలాసేపు చూశారు. "ఇప్పుడు కనిపిస్తున్నారు మీరు," అన్నారు.

ఇక మూలికలు తూచి ఇస్తారనుకున్నాం. సొరుగులు తీసి కొన్ని చూపించారు. ఐస్‌క్రీం పుల్లల్లా పసుపుపచ్చటి చెక్కలు, ముదురు వేరు ముక్కలు. "ఇవి ఇవ్వాలనుకుంటున్నాను. కానీ ఏమేమి వేస్తున్నానో ముందు మీ కిడ్నీ డాక్టరు చూడాలి. ఆయన సరే అన్నాకే. ప్రతినెలా రక్తపరీక్ష నాకూ చూపించాలి. మీ మాత్రలు ఒక్కటీ మానకూడదు."

ఆంటీ చున్నీ పక్కన పెట్టేసింది. "ఒక్క మాట చెప్పండి మేడమ్. మీ వైద్యం చేయించుకుంటే ఇది ఆగుద్దా? నేను మంగళారం ఎళ్ళక్కర్లేదా?"

మిసెస్ లియాంగ్ కుర్చీ ముందుకు జరిపారు. ఎడమచేతి స్వెట్టరు మోచేతి పైదాకా లాగారు.

ముంజేతి మీద నరం లావుగా, వంకర్లు తిరిగి ఉబ్బి ఉంది. దాని పొడుగునా సూదిమచ్చలు. ఆవిడ ఆంటీ వేళ్ళు పట్టుకుని, నిన్న తను ఆంటీ నాడి చూసినట్టే, ఆ నరం మీద పెట్టించారు.

ఆంటీ ముఖం మారిపోయింది. వృద్ధాశ్రమంలో రోజూ వినే చప్పుడే అది. నా చెయ్యి కూడా లాగి పెట్టింది. రైలు వచ్చేముందు పట్టాల్లో పుట్టే అదురులా ఉంది. ఆగడం లేదు.

"సోమ, బుధ, శుక్రవారాలు నేను మెషీన్ దగ్గర ఉంటాను," అన్నారు మిసెస్ లియాంగ్. "అందుకే కొట్టు మూసి ఉంటుంది."

"మీకే తగ్గలేదా?" ఆంటీ గొంతులో కోపం ఉంది. నమ్మి ఇంతదూరం వచ్చిన మనిషి కోపం.

"తగ్గలేదు. చాలా ఏళ్ళు నెమ్మదిగా నడిపించాను. అది మూలికల వల్లో, మాత్రల వల్లో, ఉప్పు మానడం వల్లో, నా అదృష్టమో, నిజంగా చెప్పలేను. మా పెళ్ళిళ్ళలో కూతురు అమ్మానాన్నలకు టీ ఇచ్చి మొక్కుతుంది. మా అమ్మాయి ఇచ్చిన టీ నేను ఏ సూదీ లేని చేతులతో అందుకున్నాను. ఆ తర్వాత ఇది అవసరమైంది. అప్పటికే చెయ్యి సిద్ధంగా ఉంది కాబట్టి ఇవాళ మీ ఎదురుగా కూర్చున్నాను."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆంటీ మాత్రం ఆ చెయ్యి వదల్లేదు. వేళ్ళు అటూ ఇటూ జరిపి, పని తెలిసిన మనిషిలా జాగ్రత్తగా చూసింది.

"బాగా పలుకుతాంది మేడమ్," అంది చివరికి. వేళ్ళు తియ్యకుండానే, "ఆ ఆపరేషన్ అయ్యాక ఆ చేతికి బీపీ కూడా చూడకూడదంటారు. మరి నా నాడి ఎట్టా చూస్తారు?"

"ఒక చెయ్యి చాలు. మిగతాది నాలుక చెబుతుంది. మీరు గీసుకోకుండా వస్తే."

ఆంటీ నవ్వింది. నాలుక సంగతి మర్చిపోయి, నోరంతా తెరిచి.

తిరుగు రైల్లో అద్దంలోకి చూస్తూ సన్నగా కీర్తన అందుకుంది. నేను దాని కిందే నిద్రపోయాను. మెలకువొచ్చినప్పుడల్లా ఆవిడ ఎడమచేతిని కుడిచేత్తో మెల్లగా రాస్తూ కనిపించింది.

పారమట్టా

సోమవారం తెల్లారగానే స్నానాల గదిలోంచి ముందురోజు బాకీ కూడా తీర్చేంత గట్టిగా గీసుకునే చప్పుడు వచ్చింది. అంకుల్ ఉలిక్కిపడి లేచారు. ఆంటీ ఆయనకు జరిగిందంతా చెప్పింది. ఆయన వెంటనే మంగళవారానికి సెలవు పెట్టారు.

ఆస్పత్రి పారమట్టాకి దగ్గర్లోనే. ముగ్గురం వెళ్ళాం. చేతుల నరాలు చూసే నర్సు చిన్నపిల్ల, నా వయసే ఉంటుంది. ఏ చేత్తో రాస్తారు, ఏ చేత్తో వండుతారు అని అడిగి, ఏ చెయ్యి అయితే ఇబ్బంది ఉండదని అడిగింది.

ఆంటీ గాజులు తీసి నాకిచ్చింది. ఎడమచెయ్యి బల్ల మీద చాపి, కుడిచెయ్యి ఒళ్ళోకి లాక్కుంది.

"దిస్ వన్, యువర్స్," అంది. "రైట్ హ్యాండ్ ఐ నీడ్, డార్లింగ్. ఆరెంజ్‌లో చూపించుకోవాలి."